తూర్పు హద్దు

నేను ఒక రికార్డు పుస్తకాన్ని. సైన్సు పిల్లలు కప్ప బొమ్మలు గీసుకునే రకం కాదు. లా కాలేజీ ఆఖరి సంవత్సరంలో విద్యార్థులు కోర్టుకు వెళ్లి చూసిన కేసులూ, వకీలు ఆఫీసులో కూర్చుని నేర్చుకున్న పనీ రాసుకునే రకం. నూట అరవై పేజీలు, గట్టి అట్ట, వీపుకు నల్ల గుడ్డ. ప్రతి పేజీ అడుగున ఒక గీత, దాని కింద 'పర్యవేక్షించిన న్యాయవాది సంతకం, తేదీ' అని అచ్చు. ఆ గీత మీద సంతకం పడకపోతే పైన ఎంత రాసినా కాలేజీ ఒప్పుకోదు.

నన్ను జిల్లా కేంద్రంలో బస్టాండు వెనకాల ఒక చిన్న ప్రెస్సులో అచ్చు వేశారు. అదే రోజు అదే మిషను మీద పెళ్లిపత్రికలూ, మునిసిపల్ ఎన్నికల కరపత్రాలూ అచ్చయ్యాయి. మేం మూడు రకాల కాగితాలం ఒకే బల్ల మీద ఆరాం. మాట ఇవ్వడానికే పుట్టినవాళ్లం ముగ్గురమూ.

నన్ను కొనుక్కున్న మనిషి పేరు సువార్త. వయసు ముప్ఫై మూడు. గుండ్లవరం కోర్టు ఆవరణలో రేకుల షెడ్డు కింద పదకొండేళ్లుగా టైపు కొడుతున్న మనిషి. వకీళ్లు చెబుతుంటే అర్జీలూ దావాలూ కొట్టి ఇచ్చేది. ఒకరోజు ఒక ముసలామె తన అర్జీలో ఏముందో చదివి చెప్పమని అడిగింది. సువార్త చదివింది. ముసలామేమో మొగుడు తనను ఇంట్లోంచి వెళ్లగొట్టాడని మొత్తుకుంటోంది. అర్జీలో మాత్రం ఆమే ఇష్టపూర్వకంగా ఇల్లు విడిచి వెళ్లినట్టు ఉంది. సువార్త వెళ్లి ఆ వకీలుకు చెబితే, టైపు కొట్టడం వరకే నీ పని అన్నాడు. మర్నాడే ఆమె లా ప్రవేశ పరీక్షకు దరఖాస్తు తెచ్చుకుంది. పొద్దున్నే బస్సెక్కి కాలేజీకి, మధ్యాహ్నం దిగి షెడ్డుకు. అలా రెండేళ్లు గడిపి మూడో ఏట నన్ను కొన్నది.

అయితే నాలో సంతకాలు పెట్టే సీనియరు కావాలి. ముగ్గురు వకీళ్లు తమ ఆఫీసులో చోటు లేదన్నారు. నాలుగో మనిషి పినాకపాణి గారు. సివిల్ కేసుల్లో చుట్టుపక్కల మూడు కోర్టుల్లో ఆయన పేరు చెబితే జడ్జీలు కూడా సర్దుకుని కూర్చునేవాళ్లట. ఆయన సువార్తను కుర్చీలో కూర్చోమన్నాడు. అందరికీ ఇచ్చే గ్లాసులోనే ఆమెకూ కాఫీ ఇప్పించాడు. ఊరి బయటి పల్లె నుంచి వచ్చిన పిల్లకు అది చిన్న సంగతి కాదు. ఆ గ్లాసు గురించి ఆమె నాలో ఏమీ రాయలేదు గాని, ఆ రోజు రాసిన అక్షరాలు మిగతా రోజులకన్నా కొంచెం పెద్దవిగా పడ్డాయి.

ఆయన నిజంగానే పని నేర్పాడు. ఆ మాట నేను కాదనలేను. దస్తావేజు చేతికొస్తే ముందు హద్దులు చదవమనేవాడు. పేర్లు మనుషులు ఇష్టమొచ్చినట్టు రాయించుకుంటారు, హద్దులు మాత్రం పక్కవాడికి భయపడి రాయిస్తారు అనేవాడు. సువార్త ఆ మాట నా పన్నెండో పేజీలో రాసుకుని కింద రెండు గీతలు గీసింది. పినాకపాణి గారు అది చదివి, నవ్వుకుని, ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టాడు. తేదీ కూడా వేశాడు. ఏ కాగితం మీదైనా సంతకం పక్కన తేదీ వేయకుండా ఉండలేని మనిషి ఆయన.

అప్పుడే ఆమె పల్లె కేసు వచ్చింది. పల్లెకూ సమాధుల దొడ్డికీ మధ్య ఒక బండిదారి ఉంది. దారి పక్కనే రైసుమిల్లు. మిల్లు యజమాని గోపాలస్వామి ఆ దారిని కలుపుకుని ప్రహరీ కట్టి గేటు పెట్టించాడు. అప్పటినుంచి పల్లెలో ఎవరు పోయినా శవాన్ని కాలవలోంచి మోసుకెళ్లాల్సి వచ్చేది. కిందటి వానాకాలం సువార్త తల్లి ఎస్తేరమ్మ పోయినప్పుడు పెట్టె మోసిన ఆరుగురికీ రొమ్ముల దాకా నీళ్లు. మధ్యలో ఒకతని కాలు జారింది. పెట్టె ఒక పక్కకు ఒరిగింది. ఒడ్డున నిలబడి అది చూసిన మనిషికి ఆ కేసు ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

పల్లె పెద్ద యేసోబు ఆమెకు స్వయానా పెదనాన్న. పెద్ద వకీలు మన మాట వింటాడా అని ఆయన సందేహించాడు. అవతలివాళ్లూ ఆయనా ఒకే క్లబ్బులో కూర్చుంటారని పల్లెలో ఎవరో అన్నారు. సువార్త వాళ్లందరికీ నచ్చజెప్పింది. చివరికి యేసోబుతో, "సార్ సంగతి నాకు తెలుసు పెదనాన్నా. ఆయన్ని కాదు, నన్ను చూసి నమ్మండి" అంది. ఆ మాట మీదే పద్నాలుగు మంది వకాలత్ కాగితం మీద సంతకాలూ వేలిముద్రలూ వేశారు. నేను ఆమె సంచిలో ఉండి ఆ మాట విన్నాను.

ఇంజంక్షన్ దావా వేశారు. గోపాలస్వామి, అక్కడ దారే లేదు, ఎన్నడూ లేదు అని జవాబు వేశాడు. తండ్రి తనకు రాసిచ్చిన దస్తావేజు చూపించాడు. అందులో దారి ఊసే లేదు. పల్లెవాళ్ల దగ్గర నోటిమాట తప్ప మరేమీ లేదు.

సువార్త ఊరుకోలేదు. తండ్రికి ఆ స్థలం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో వెతకాలనుకుంది. పన్నెండు రోజులు రిజిస్ట్రారు ఆఫీసులో పాత సంపుటాల సూచికలు తిరగేసింది. దుమ్ముకు దగ్గు పట్టుకుంది. పదమూడో రోజు దొరికింది. గోపాలస్వామి తండ్రి ఆ స్థలం కొన్న పాత దస్తావేజు, ముప్ఫై ఏళ్ల నాటిది. అందులో తూర్పు హద్దు: 'పల్లె నుండి సమాధుల దొడ్డికి పోవు బండిదారి'. ఆమె నకలు తీయించుకుని, షెడ్డుకు వచ్చి, ఆ ఒక్క వాక్యాన్నీ నా తొంభై ఒకటో పేజీ మధ్యలో రాసింది. చుట్టూ ఏమీ రాయలేదు. రాసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. ఎవరో అర్జీ కొట్టాలమ్మా అని వచ్చి రెండుసార్లు పిలిస్తే గాని పలకలేదు.

ఆ తర్వాత నాలుగు పేజీల్లో ఎదురు విచారణ ప్రశ్నలు రాసింది. మొత్తం పంతొమ్మిది. అవతలి పక్షాన్ని ప్రశ్నించేటప్పుడు ముందుగా దాఖలు చేయని కాగితాన్ని కూడా సాక్షికి చూపించవచ్చని చట్టం ఒప్పుకుంటుంది. ఆమె ఎత్తంతా దాని మీదే నడిచింది. మొదటి పదిహేను ప్రశ్నలూ మెత్తగా నడవాలి. దారి లేదని గోపాలస్వామి చేత గట్టిగా అనిపించాలి. తన తండ్రి కాగితాల్లో అబద్ధం ఉండదని కూడా అతని నోటే చెప్పించాలి. పదహారో ప్రశ్న దగ్గర నకలు బయటికి తియ్యాలి. అప్పటిదాకా ఆ దస్తావేజు సంగతి అవతలివాళ్లకు తెలియకూడదు. పరీక్ష ముగించుకుని వకీలుగా ఎన్‌రోల్ అయితే గాని ఆమె కోర్టులో నోరు విప్పడానికి లేదు. కాబట్టి ఆ ప్రశ్నలు అడగాల్సింది పినాకపాణి గారే.

శనివారం నన్ను ఆయన చేతిలో పెట్టింది. ఆయన అక్కడే చదివాడు. పదహారో ప్రశ్న దగ్గర ఆగి, కళ్లజోడు తీసి ఆమెను చూశాడు. "ఇంత పని నా జూనియర్లలో ఒక్కడూ చెయ్యలేదు సువార్తా. ఉంచి వెళ్లు, వరస కొంచెం సరిచేస్తాను" అన్నాడు. నాలుగు పేజీల కిందా ఆకుపచ్చ సంతకాలు పెట్టాడు. శనివారం తేదీ వేశాడు. ఆమె నన్ను అక్కడ వదిలి బస్సుకు వెళ్లిపోయింది. వెళుతున్నప్పుడు ఆమె మొహం నేను చూశాను. దాన్ని నేను ఎప్పటికీ మర్చిపోను.

ఆదివారం పొద్దున గోపాలస్వామి పినాకపాణి గారి ఇంటికి వచ్చాడు. ముందు గదిలో కూర్చున్నాడు. పినాకపాణి గారు నన్ను ముందురోజే ఇంటికి తెచ్చుకున్నాడు, నేను టీపాయ్ మీద ఉన్నాను. వానల గురించి మాట్లాడుకున్నారు, క్లబ్బు ఎన్నికల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత గోపాలస్వామి, గవర్నమెంటు ప్లీడరు పోస్టుకు పేర్ల జాబితా ఈ వారమే పైకి వెళుతోందనీ, తన బావమరిది మంత్రిగారి పేషీలో ఉన్నాడనీ చెప్పాడు. పినాకపాణి గారు అవుననలేదు, కాదనలేదు. కాఫీ పూర్తిగా తాగాడు. ఆ తర్వాత రెండు వేళ్లతో నన్ను టీపాయ్ మీద అవతలి పక్కకు జరిపాడు.

"మా అమ్మాయి బాగా కష్టపడింది. చూడండి" అన్నాడు.

ఆ గొంతులో గర్వం ఉంది. నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది అదే. దొంగచాటుగా ఇచ్చి ఉంటే బాగుండుననిపించింది. ఆమె తెలివిని మెచ్చుకుంటూనే, ఆ తెలివిని తీసి శత్రువు ఒళ్లో పెట్టాడు.

సోమవారం ఆయన గుమాస్తా నన్ను కోర్టు ఎదురుగా ఉన్న జెరాక్సు షాపుకు తీసుకెళ్లాడు. నన్ను బోర్లా పడుకోబెట్టారు. కింద నుంచి తెల్లటి వెలుగు ఒక చివరి నుంచి మరో చివరికి పాకింది. అలా నాలుగుసార్లు. ఆ షాపులోనే రేషను కార్డు నకలు తీయించుకోవడానికి యేసోబు నిలబడి ఉన్నాడు. నా అట్ట మీద సువార్త పేరు రాసిన కాగితం అంటించి ఉంది. ఆయన ఆ పేరు చదివాడు. నన్ను పట్టుకున్న మనిషి ఎవరో చూశాడు. పినాకపాణి గారి గుమాస్తాను ఆయన ఎరక్కపోవడం ఉండదు, వకాలత్ మీద వేలిముద్రలు వేయించింది ఆ గుమాస్తానే. కాపీలు మిల్లు వాళ్ల జీపులోని మనిషికి చేరడం కూడా ఆయన చూశాడు.  రేషను కార్డు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మంగళవారం నేను మళ్లీ సువార్త చేతికి వచ్చాను. ఆమె పేజీలు తిప్పి సంతకాలు చూసుకుని సంతోషపడింది. ప్రశ్నల వరసలో ఆయన మార్చింది ఒక్కటీ లేదు.

ఆ పై సోమవారం విచారణ. ఆమె వెనక బెంచీలో కూర్చుంది, నేను ఆమె ఒళ్లో ఉన్నాను. పినాకపాణి గారు లేచి మొదటి ప్రశ్న అడిగాడు. గోపాలస్వామి దానికి జవాబు చెప్పకుండా పదహారో ప్రశ్నకు జవాబు చెప్పాడు. తన తండ్రి దస్తావేజులో తూర్పు హద్దు పొరపాటున దారి అని పడిందనీ, ఆ స్థలం అమ్మినాయన కొడుకు చేత దాన్ని ఇప్పుడు సరిచేయించాననీ అన్నాడు. అవతలి వకీలు సవరణ దస్తావేజు తీసి జడ్జిగారికి అందించాడు. నాలుగు రోజుల కింద రిజిస్టరు అయింది. ఈ దస్తావేజును స్వీకరించడానికి మీకు అభ్యంతరం ఉందా అని జడ్జిగారు పినాకపాణి గారిని అడిగారు.

"అభ్యంతరం లేదు" అన్నాడాయన. ఇంకో మూడు ప్రశ్నలు అడిగి కూర్చున్నాడు.

సువార్త వేళ్లు నా అట్టను ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే, మూల నలిగిపోయింది. ఇప్పటికీ అలాగే ఉంది.

సాయంత్రం పల్లె నుంచి వచ్చిన నలుగురూ, యేసోబూ, పినాకపాణి గారి ఆఫీసులో చేరారు. ఎవరూ కూర్చోలేదు. యేసోబు సువార్త వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. "నీ పుస్తకం మిల్లు గుమాస్తా చేతిలో చూశానమ్మా. జెరాక్సు తీయిస్తా ఉండె. నీ పేరు దాని మీద ఉండాది" అన్నాడు.

మిల్లు గుమాస్తా అన్నాడు. నేను విన్నాను. అది నిజం కాదని ఆ గదిలో నాకు తెలుసు, యేసోబుకు తెలుసు, పినాకపాణి గారికి తెలుసు. తెలియనిది సువార్తకూ, ఆ నలుగురికీ.

ఆమె పుస్తకం శనివారం నుంచి మంగళవారం దాకా సార్ దగ్గరే ఉందని చెప్పింది. నన్ను తెరిచి ఆకుపచ్చ సంతకాలు, తేదీలు చూపించింది. తర్వాత సీనియరు వైపు చూసింది. అప్పటికి కూడా ఆమె చూపులో అనుమానం లేదు. ఆయన ఒక్క మాట చెబితే అంతా సర్దుకుంటుందని ఎదురుచూస్తోంది.

పినాకపాణి గారు కళ్లజోడు తుడుచుకున్నాడు. "సంతకాలు పెట్టి శనివారమే ఇచ్చేశానమ్మా" అన్నాడు. ఆ తర్వాత పల్లెవాళ్లతో మెత్తగా, "చిన్నపిల్ల. ఎవరో మాయమాటలు చెప్పి ఉంటారు. మీ పిల్లే గదా, పెద్దమనసు చేసుకోండి. కేసు సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు.

తిట్టి ఉంటే ఆమె ఎదురు చెప్పేది. ఆయన క్షమించాడు. చెయ్యని తప్పుకు అందరి ముందూ క్షమాపణ దొరికిన మనిషి ఏం మాట్లాడుతుంది? ఆమె మెట్లు దిగింది. ఎవరూ వెంట రాలేదు.

ఆ వారమంతా ఆమె తోచిన దారులన్నీ వెతికింది. కాలేజీలో నన్ను అప్పగించే గడువు దగ్గర పడింది. అప్పగిస్తే మార్కులు, డిగ్రీ, ఆ వెంటనే నల్లకోటు. అయితే పినాకపాణి గారి మీద బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చెయ్యాలంటే ఆ సంతకాలున్న అసలు పుస్తకమే జతచేయాలి. నేను ఒక్కదాన్నే. రెండు చోట్లకూ వెళ్లలేను. ఆమె రెండు రోజులు నన్ను టైపు మిషను పక్కనే పెట్టుకుని చూస్తూ ఉంది. మూడో రోజు ఫిర్యాదు తానే టైపు కొట్టి, నన్ను దానితో కలిపి కట్టి హైదరాబాదుకు పంపింది. ఆ ఏడాది ఆమె డిగ్రీ పోయింది. మళ్లీ ఇంకో పుస్తకం కొని, మొదటి పేజీ నుంచి, రజియా బేగం గారనే వకీలు దగ్గర కూర్చుని రాసింది. ఆమె నన్ను వదిలి మరో పుస్తకంలో రాసుకోవడం నాకు కష్టంగా ఉండాలి, కానీ లేదు. నన్ను తలుచుకుంటేనే నాకు అసహ్యంగా ఉండేది.

హైదరాబాదులో ముగ్గురు పెద్ద వకీళ్ల కమిటీ నన్ను తిరగేసింది. ఒకాయన చేతిరాత ముద్దుగా ఉందన్నాడు. ఇంకొకాయన, పుస్తకం ఆయన అవతలివాళ్లకిచ్చారనడానికి సాక్షి ఎవరమ్మా అని అడిగాడు. ఆమె యేసోబు పేరు చెప్పింది. ఆయన జెరాక్సు షాపులో చూసిన మాట వచ్చి చెబితే చాలు, ఆ మిల్లు గుమాస్తాను పిలిపించి నిజం రాబట్టవచ్చని ఆమె ఆశ. మొదటి వాయిదాకు యేసోబు రాలేదు. రెండోదానికి జ్వరమని కబురు పంపాడు. మూడోదానికి కబురు కూడా లేదు. సాక్ష్యం లేదని ఫిర్యాదు కొట్టేశారు. నన్ను ఒక కట్టలో వేసి, ఇనప బీరువాలో పెట్టారు. రెండేళ్లు అక్కడే ఉన్నాను.

ఆ రెండేళ్లలో జరిగింది తర్వాత విన్నాను. పినాకపాణి గారు గవర్నమెంటు ప్లీడరు అయ్యారు. అవగానే ప్రైవేటు కేసులు ఇక చూడలేనని పల్లెవాళ్ల కాగితాలు తిరిగి ఇచ్చేశారు. వాళ్లు రజియా గారి దగ్గరికి వెళ్లారు. ఆమె వాదనకు కావలసిన అంశాలన్నీ సువార్త రాసిచ్చింది, తన పేరు చెప్పవద్దంది. ముప్ఫై ఏళ్ల తర్వాత, దావా నడుస్తుండగా, ఆ దారిన నడిచేవాళ్లను అడక్కుండా చేసుకున్న సవరణ ఆ దారిని మూసెయ్యలేదని జడ్జిగారు తీర్పు ఇచ్చారు. గేటు తీయించారు. పల్లెలో ఆ రోజు ప్రార్థన పెట్టుకుని, బిర్యానీ వండుకున్నారట. సువార్తకు కబురు రాలేదు.

ఆమె ఎన్‌రోల్ అయ్యింది. రజియా గారి ఆఫీసులోనే ఒక బల్ల వేసుకుంది. బార్ కౌన్సిల్ నుంచి కాగితాలు వాపసు తీసుకోవచ్చని ఉత్తరం వస్తే, రాసి నన్ను తెప్పించుకుంది. పోస్టులో వచ్చిన కవరు విప్పి బల్ల మీద పెట్టిన రోజునే యేసోబు వచ్చాడు.

బాగా ముసలివాడయ్యాడు. పల్లెలో ఇళ్ల పట్టాలు రద్దు చేస్తామని తహసీల్దారు నోటీసులు ఇచ్చాడట. గవర్నమెంటు ప్లీడరుగా పినాకపాణి గారే అందుకు సలహా ఇచ్చారట. ఆ నోటీసులు పట్టుకుని వచ్చి, కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆయన చూపు నా మీద పడింది. 

"నువ్వు కాదని నాకు తెలుసమ్మా. ఆ రోజే తెలుసు" అన్నాడు. "ఆయన గుమాస్తా చేతిలోనే చూశా."

సువార్త కదల్లేదు. మరి మిల్లు గుమాస్తా అన్నావే అని మాత్రం అడిగింది.

"ఆయన మీద అరిస్తే కేసు యాడికి పొయ్యేది తల్లీ? నీ మీదైతే అరవొచ్చు. నువ్వు మా పిల్లవి, యాడికీ పోవు." ఆయన చేతులు చూసుకున్నాడు. "హైదరాబాదుకు రమ్మన్నప్పుడు కూడా అంతే. మా ఇళ్ల పట్టాల ఫైలు అప్పటికే ఆయన చేతిలో ఉండె. వస్తే మా ఇళ్లు పోతయ్యని బయపడ్డా."

"ఇప్పుడు పోతన్నాయిగా పెదనాన్నా" అంది ఆమె.

 ఆమె నన్ను తెరిచి, చివర్లో ఖాళీగా ఉన్న పేజీ తీసి, కలం మూత విప్పింది. ఇప్పుడు చెప్పిన మాట మళ్లీ చెప్పు, రాసుకుంటాను అంది.

"రాయమాకమ్మా" అన్నాడు యేసోబు. "నీకు చెప్పాలనిపించి చెప్పా. కాయితం మీదకెందుకు?"

ఆమె ఆయన్ని చాలాసేపు చూసింది. నేను ఆమె చేతికింద ఉన్నాను.  నన్ను మూసి పక్కకు పెట్టింది. ఇక నన్ను ఎవరూ తెరవరని అప్పుడే తెలిసింది.

నోటీసులు తీసుకుని ఒక్కొక్కటే చదివింది. పల్లెలో ఎంతమందికి వచ్చాయి, ఎప్పుడు వచ్చాయి, పట్టాలు ఏ సంవత్సరం ఇచ్చారు, అన్నీ అడిగి ఒక తెల్లకాగితం మీద రాసింది. కేసు తీసుకుంటానని చెప్పింది. ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. లేవబోతుంటే ఆమె ఆ కాగితం ఆయన ముందుకు తిప్పి, నువ్వు నాకు చెప్పింది ఇదీ అని, మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించింది. కింద సంతకం పెట్టమంది.

"మా పిల్లవే గదమ్మా," అన్నాడాయన. "నీకు కూడా సంతకం ఎందుకు?"

"పెట్టు పెదనాన్నా," అంది సువార్త.

ఆయన పెట్టాడు. ఆమె ఆ సంతకాన్ని ఒకసారి చూసుకుని, పక్కన తేదీ వేసి, బీరువాలో పెట్టి తాళం వేసింది.